మంచును చూసి వానను లెక్కగట్టిన మనిషి – హెన్రీ బ్లాన్‌ఫర్డ్

మా ఊరు కొత్తపట్నం. ఒంగోలుకు తూర్పుగా, బంగాళాఖాతం ఒడ్డున ఉంటుంది. మా ఊళ్ళో మంచంటే పుష్యమాసంలో తెల్లవారుజామున చేల మీద కమ్ముకునే పొగమంచు. గడ్డకట్టిన మంచును మావాళ్ళు చేపల పెట్టెల్లో తప్ప చూసి ఎరగరు. ఆకాశం నుంచి దూదిలా రాలే మంచు, కొండల మీద నెలల తరబడి నిలిచిపోయే మంచు మాకు సినిమా పాటల్లో కనిపించేదే. అటువంటి ఊరివాణ్ణి, రైతుబిడ్డను, హిమాలయాల మంచు గురించి రాయబూనడం సాహసమే. కాని వెయ్యి మైళ్ళ అవతల కొండ మీద పడే మంచుకూ, మా నాన్న వేసే మిరపనారుకూ చుట్టరికం ఉందని తెలిసిన తర్వాత ఊరుకోలేకపోయాను. ఆ చుట్టరికాన్ని మొదటిసారి కాగితం మీద పెట్టి, దాని ఆధారంగా మన దేశపు వానలను ముందుగా చెప్పబోయినవాడు హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫర్డ్. వాతావరణశాస్త్రం చదివేవారికి బాగా తెలిసిన పేరే. మిగతా మిత్రులకు ఆయన కథ చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

అయితే ముందు నా కథ కొంచెం చెప్పాలి. నేను ఇంటరు రెండో ఏడు చదువుతుండగా, వేసవి చివర్లో పేపరు చదివి, ఈ ఏడు దేశంలో వానలు సరిపడా పడతాయట అని మా నాన్నకు చెప్పాను. చదువుకుంటున్న కొడుకు మాట కదా, నాన్న నమ్మాడు. ఉన్న మూడెకరాల నల్లరేగడి కాక ఇంకో రెండెకరాలు కౌలుకు తీసుకుని పత్తి గింజలు పెట్టాడు. తొలకరి బాగానే పడింది, మొలకలు నవ్వుతూ లేచాయి. ఆ తర్వాత నెల పైచిలుకు చినుకు లేదు. నల్లరేగడి బీటలు తీసింది. మళ్ళీ గింజలు కొన్నాడు, మళ్ళీ పెట్టాడు, అప్పు మిగిలింది. ఆ సంవత్సరం చివర్లో చూస్తే దేశం మొత్తం మీద వాన ఇంచుమించు చెప్పినంతే పడింది. లెక్క తప్పలేదు. మా చేనే ఆ లెక్కలో కనపడలేదు. నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కాని ఆ తర్వాత వాన సంగతి నన్ను అడగడం మానేశాడు. తిడితే బాగుండుననిపించింది.

డిగ్రీలో చేరి భౌతికశాస్త్రం చదువుతూ, వానను ముందుగా చెప్పాలని మొట్టమొదట ఎవరనుకున్నారు, ఎలా అనుకున్నారు అని వెతకబోతే బ్లాన్‌ఫర్డ్ దొరికాడు.

బ్లాన్‌ఫర్డ్ 1834 జూన్ 3న లండన్ నగరంలో పుట్టాడు. అంతకు కొద్దికాలం ముందే, 1832–33లో, మన గుంటూరు సీమను నందన కరువు ఊడ్చిపెట్టింది. డొక్కల కరువని పెద్దలు చెప్పుకునేది దాన్నే. ఒక్క గుంటూరు ప్రాంతంలోనే లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. అప్పట్లో వాన ఎందుకు పడలేదంటే చెప్పగలవాడు లేడు. రాజు పాపమనీ, గ్రహచారమనీ అనుకున్నారు. అదే కాలంలో లండనులో పుట్టిన పసివాడు పెద్దయ్యాక ఈ దేశపు వానల లెక్క చూడవలసినవాడవుతాడని ఎవరికి తెలుసు!

హెన్రీకి విలియం అనే అన్న ఉండేవాడు, రెండేళ్ళు పెద్ద. అన్నదమ్ములిద్దరూ లండనులో గనుల విద్యాలయంలో చదివారు. హెన్రీ ఆ తర్వాత జర్మనీలోని ఫ్రైబర్గు గనుల కళాశాలలో కూడా కొంతకాలం చదివాడు. 1855లో ఇద్దరూ కలిసి భారత భూగర్భ సర్వేలో ఉద్యోగులుగా కలకత్తాలో దిగారు. అప్పటికి హెన్రీ వయస్సు ఇరవై ఒకటి. అంటే ఇప్పుడు నాకున్న వయస్సుకు ఒక ఏడు ఎక్కువ.

వాళ్ళకు అప్పగించిన మొదటి పని ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గు ప్రాంతాన్ని పరిశీలించడం. తాల్చేరు ఎండలు ఎట్లాంటివో వేరే చెప్పనక్కరలేదు. ఆ ఎండల్లో, బొగ్గు పొరలకు అడుగున, వాళ్ళకొక వింత పొర కనపడింది. మెత్తటి బురదలాంటి రాతిలో చిన్నవీ పెద్దవీ బండరాళ్ళు కలగాపులగంగా ఇరుక్కుని ఉన్నాయి. ఏరు మోసుకొచ్చిన రాళ్ళయితే బరువును బట్టి వేర్వేరుగా సర్దుకుంటాయి. ఇవి సర్దుకోలేదు. వీటిని నీరు కాదు, మంచు మోసుకొచ్చి ఉండాలని అన్నదమ్ములు తేల్చారు. ఉడికిపోయే ఒరిస్సాలో ఒకనాడు మంచా అని చాలామంది నమ్మలేదు. తర్వాత గోదావరి పరీవాహక ప్రాంతంలో మంచు ఒరిపిడికి గీతలు పడిన రాళ్ళు దొరికాక ఆ వాదానికి బలం వచ్చింది. సుమారు ముప్ఫై కోట్ల సంవత్సరాల కిందట ఈ నేల మీద మంచుపలకలు ఉండేవని ఇవాళ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. బ్లాన్‌ఫర్డ్ జీవితంలో మంచు మొదటిసారి ఎదురైంది హిమాలయాల్లో కాదు, ఒరిస్సా మన్నులో. శీతోష్ణస్థితి శాశ్వతం కాదు, ఒకచోట ఉన్న మంచు ఎల్లకాలం ఉండదు అన్న పాఠాన్ని నేలే ఆయనకు ఆ పడుచువయస్సులో నేర్పింది.

ఆ తర్వాత ఆయన దక్షిణాదికి వచ్చాడు. తిరుచిరాపల్లి చుట్టుపక్కల క్రెటేషియస్ యుగపు శిలలను పరిశీలించి, వాటిని ఊటత్తూరు, తిరుచిరాపల్లి, అరియలూరు అని మూడు వర్గాలుగా విభజించాడు. ఆ పేర్లు ఇప్పటికీ భూగర్భశాస్త్ర విద్యార్థులు వల్లెవేస్తున్నారు. ఎండల్లో తిరుగుడుకు ఆరోగ్యం దెబ్బతిని 1862లో సర్వే ఉద్యోగం వదులుకున్నాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడుగా చేరి పదేళ్ళు పాఠాలు చెప్పాడు. మన దేశపు బడిపిల్లల కోసం భౌతిక భూగోళం మీద చిన్న పాఠ్యపుస్తకం కూడా రాశాడు.

1864 అక్టోబరు 5న కలకత్తాను తుఫాను ముంచింది. హుగ్లీ నదిలోకి ఉప్పెన ఎక్కివచ్చింది. యాభైవేల మంది దాకా పోయారని అంచనా. అదే ఏడు నవంబరు 1న మన మచిలీపట్నం మీద ఇంకో ఉప్పెన పడి సుమారు ముప్ఫైవేల మందిని మింగింది. మా తీరంలో పుట్టినవాళ్ళకు ఉప్పెన అన్న మాటను విడమరిచి చెప్పనక్కరలేదు. 1977 నవంబరులో దివిసీమ మీద పడినదాన్ని మా తాతలు ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతారు. కలకత్తా తుఫాను మీద బ్లాన్‌ఫర్డ్, గాస్ట్రెల్ అనే సైనికాధికారితో కలిసి పెద్ద నివేదిక తయారుచేశాడు. ఏ ఓడ మీద ఏ గంటకు గాలి ఎటునుంచి వీచింది, పాదరసం ఎంత దిగింది అని చెల్లాచెదురుగా ఉన్న లెక్కలన్నీ పోగుచేసి తుఫాను నడిచిన దారిని గీశారు. రాళ్ళను చదివినవాడు గాలిని చదవడం మొదలుపెట్టింది అక్కడే. 1867లో ఆయన బెంగాలు రాష్ట్రానికి వాతావరణ అధికారి అయ్యాడు.

ఆనాడు వాతావరణ లెక్కలు ఎవరికివారుగా ఉండేవి. బెంగాలుది ఒక పద్ధతి, మద్రాసుది ఒకటి, పంజాబుది ఇంకొకటి. పరికరాలు వేరు, చూసే వేళలు వేరు. ఒక ఊళ్ళో శేరు, ఇంకో ఊళ్ళో మానిక పెట్టి కొలిచి రెండింటినీ కూడితే ఏమొస్తుంది? 1875లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ కలిపి ఒక వాతావరణ శాఖను ఏర్పాటుచేసి బ్లాన్‌ఫర్డ్‌ను దానికి తొలి అధిపతిని చేసింది. ఆయన మొదట చేసిన పని జోస్యం చెప్పడం కాదు. కొలతబద్దలు సరిచేయడం. అందరికీ ఒకే రకం పరికరాలు, ఒకే పద్ధతి, ఒకే పట్టిక. పరిశీలకులకు మార్గదర్శిగా ఒక కరదీపిక కూడా రాశాడు. పైకి గుమాస్తా పనిలా కనిపించే ఈ పనే ఆయన చేసినవాటన్నిటిలో గొప్పదని నాకనిపిస్తుంది.

కుర్చీలో కుదురుకున్నాడో లేదో, 1876లో దక్షిణాదిన వాన మొహం చాటేసింది. ధాత నామ సంవత్సరం. రాయలసీమలో ఈనాటికీ ధాత కరువు పేరు చెబితే ముసలివాళ్ళు దణ్ణం పెట్టుకుంటారు. 1877లో అనావృష్టి ఉత్తరాదికి కూడా పాకింది. ఆ రెండు మూడేళ్ళలో దేశంలో యాభై లక్షల మందికి పైగా చనిపోయారని చరిత్రకారుల అంచనా. ఒక సంగతి ఇక్కడ దాచకూడదు. జనం ఆకలితో చచ్చిపోతున్న రోజుల్లోనే మన రేవుల నుంచి ధాన్యం ఓడలకెక్కింది. వాన పడకపోవడం ప్రకృతి చేసిన పని. అది కరువుగా మారడంలో మనుషుల చేయి కూడా ఉంది. బ్లాన్‌ఫర్డ్ ఆ ప్రభుత్వపు ఉద్యోగే. శిస్తు లెక్క కోసమో, కరువు ఖర్చు భయంతోనో ప్రభుత్వానికి వాన జోస్యం కావలసి వచ్చింది. ఏ కారణం చేతనైతేనేం, వచ్చే ఏడు వానలెలా ఉంటాయో ముందే చెప్పగలవా అన్న ప్రశ్న మొదటిసారి ఒక శాస్త్రవేత్త బల్ల మీదికి వచ్చింది.

ఆయన పాత లెక్కలు తిరగేశాడు. వాయవ్య భారతంలో అనావృష్టి ఏడాదుల్లో వేసవి తర్వాత కూడా పడమటి నుంచి, వాయవ్యం నుంచి పొడిగాలులు ఆగకుండా వీచడం గమనించాడు. ఆ గాలులెక్కడివి? 1877 అనావృష్టికి ముందు పశ్చిమ హిమాలయాల్లో మంచు విపరీతంగా, ఆలస్యంగా కూడా పడినట్టు సమాచారముంది. ఇంకొన్ని ఏడాదుల్లోనూ ఇటువంటి జోడింపే కనపడింది. కొండల మీద మంచు ఎక్కువ విస్తీర్ణంలో, ఎక్కువ మందంగా, ఎక్కువకాలం నిలిస్తే దాని మీది గాలి చల్లబడి బరువెక్కి మైదానాల్లోకి పొడిగాలిగా దిగుతుందనీ, ఆ ఏడు నైఋతి ఋతుపవనం బలహీనపడుతుందనీ ఆయన ఊహించాడు. 1884లో ఈ విషయం మీద ఆయన వ్యాసం లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అప్పటికి నాలుగేళ్ళ ముందే ఆ సొసైటీ ఆయనను సభ్యుడుగా ఎన్నుకుంది.

ఇందులోని భౌతికశాస్త్రాన్ని మా ఊరి భాషలో చెబుతాను. మా ఊరి బీచిలో మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం మీది నుంచి గాలి మళ్ళుతుంది. ఎండకు ఇసుక మండిపోతుంది, నీళ్ళు అంత త్వరగా కాగవు. వేడెక్కిన నేల మీద గాలి తేలికై పైకి పోతే, ఖాళీ పూడ్చడానికి సముద్రపు గాలి లోపలికి వస్తుంది. ఋతుపవనం అసలు తీరు ఇంతకంటే చాలా చిక్కయినది గాని, దాని మూలసూత్రాల్లో ఒకటి ఇదే. ఆసియా నేల బాగా కాగాలి, అప్పుడు హిందూ మహాసముద్రపు తడిగాలి గట్టిగా వస్తుంది.

మరి ఆ నేల మీద తెల్లటి దుప్పటి కప్పి ఉంటే? తాజా మంచు తన మీద పడిన ఎండలో నూటికి ఎనభై వంతులకు పైగా వెనక్కి తిప్పికొడుతుంది. మట్టి నేల చాలా భాగాన్ని పీల్చుకుంటుంది. ఎండాకాలంలో తెల్లచొక్కాకూ నల్లచొక్కాకూ తేడా మనందరికీ తెలుసు కదా. అంతటితో అయిపోలేదు. ఒక గ్రాము మంచు కరిగి నీరు కావడానికి 80 కేలరీల వేడి కావాలి. అదే వేడితో ఆ గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. మంచు ఎక్కువైతే వసంతపు ఎండంతా దాన్ని కరిగించడానికే సరి. కరిగిన నీటితో నేల తడిసి ఉంటుంది, ఆ తడి ఆరడానికి ఇంకొంత వేడి. నీళ్ళు చల్లిన వాకిలి తొందరగా కాలదు. నేల కాగడం ఆలస్యమైతే గాలి పిలుపూ ఆలస్యమవుతుంది. మంచు ఎక్కువైన ఏడు ఋతుపవనం బలహీనమయ్యే అవకాశముంది, మంచు తక్కువైతే బలపడే అవకాశముంది. ఆయన మాటల సారం ఇంతే. అవకాశమన్న మాట మరిచిపోకూడదు.

బ్లాన్‌ఫర్డ్ ఈ ఊహను వ్యాసంలో రాసి ఊరుకోలేదు. 1882 నుంచి 1885 దాకా ఏటా హిమాలయాల మంచును చూసి ప్రయోగాత్మకంగా అంచనాలు కట్టాడు. అవి ఆశాజనకంగా ఉండటంతో 1886 జూన్ 4న, తన యాభై రెండో పుట్టినరోజు గడిచిన మర్నాడు, భారతదేశానికీ బర్మాకూ కలిపి మొదటి అధికారిక ఋతుపవన అంచనా విడుదల చేశాడు. ఈనాడు ప్రతి వేసవిలో మన పేపర్లలో వచ్చే వానల అంచనాకు తొలి ముడి అక్కడ పడింది. ఋతువు మొత్తానికి పనికొచ్చే అంచనాను శాస్త్రం లెక్కన, బహిరంగంగా, ఏటా ఇవ్వడంలో ప్రపంచంలోనే మన దేశం ముందువరుసలో నిలిచిందంటే అతిశయోక్తి కాదు.

1880ల చివర్లో ఆయన పదవీ విరమణ చేసి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. మన వానల మీద పెద్ద గ్రంథం, మన శీతోష్ణస్థితి మీద ఇంకో పుస్తకం మిగిల్చి వెళ్ళాడు. ఫోక్‌స్టన్ అనే సముద్రతీరపు ఊళ్ళో కాపురముండి 1893 జనవరి 23న, యాభై తొమ్మిదో ఏట కన్నుమూశాడు.

మనిషి పోయాడు గాని ఆయన సూత్రం కథ అక్కడితో ముగియలేదు. నాకు కావలసిన పాఠం ఆ తర్వాతి కథలోనే దొరికింది.

ఆయన తర్వాత వచ్చిన జాన్ ఎలియట్, మంచుతోపాటు మరికొన్ని గుర్తులు కలిపి అంచనాలు పెద్దవి చేశాడు, వివరాలు పెంచాడు. 1899లో వానలు బాగుంటాయని చెప్పాడు. ఆ ఏడు ఘోరమైన అనావృష్టి వచ్చింది. విమర్శలు పెరిగాయి. చివరికి 1902 నుంచి 1905 దాకా అంచనాలు ప్రజలకు చెప్పకుండా రహస్యంగా ప్రభుత్వానికి మాత్రమే ఇచ్చారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. నేను చేసిందీ అదే. ఒకసారి దెబ్బతినేసరికి మా నాన్నతో వాన ఊసెత్తడం మానేసి, చదివింది నాలోనే దాచుకున్నాను. తప్పిన లెక్కకు మందు నోరు మూసుకోవడం కాదని అప్పుడు తెలిసింది.

1904లో గిల్బర్ట్ వాకర్ వచ్చాడు. కేంబ్రిడ్జి గణితవేత్త. మంచుకూ వానకూ సంబంధాన్ని ఏడాదుల తరబడి లెక్కలతో గణించి చూశాడు. సంబంధముంది, కాని అదొక్కటే చాలదు. వెతుకుతూ వెతుకుతూ పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద గాలి ఒత్తిడి ఉయ్యాలలా ఊగే తీరును పట్టుకున్నాడు. దక్షిణ డోలనమని మనం చదువుకునేది అదే. ఎల్ నినో కథకు అది సగం. 1876–78 మహా అనావృష్టి వెనుక బలమైన ఎల్ నినో ఉందని ఇవాళ శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే బ్లాన్‌ఫర్డ్ 1877లో మంచును చూసి పట్టుకున్నది పెద్ద ఏనుగుకు ఒక కాలు మాత్రమే. కాని ఆ కాలు అబద్ధం కాదు.

20వ శతాబ్దం నడుమకు వచ్చేసరికి హిమాలయ మంచుకూ వానకూ మధ్య సంబంధం పలచబడిందని దాన్ని అంచనా లెక్క నుంచి తీసేశారు. బ్లాన్‌ఫర్డ్ పని అయిపోయిందనుకున్నారు. 1960ల చివర్లో ఉపగ్రహాలు భూమి మీది మంచును పైనుంచి ఫోటోలు తీయడం మొదలుపెట్టాయి. అంతకుముందు కొండ మీది మనిషి తనకు కనిపించినంత మేర చెప్పేది, ఇప్పుడు ఖండమంతా ఒక్క చూపులో తెలిసింది. 1976లో డగ్లస్ హాన్, జగదీశ్ శుక్లా అనే ఇద్దరు ఆ ఉపగ్రహ లెక్కలతో యూరప్, ఆసియా ఖండాల శీతకాలపు మంచు ఎక్కువైనప్పుడు మన వాన తగ్గే ధోరణి ఉందని చూపించారు. శుక్లా ఉత్తరప్రదేశ్‌లోని ఒక పల్లెటూరి బిడ్డ. 1988లో మన వాతావరణ శాఖ గోవారికర్ ఆధ్వర్యాన తయారుచేసిన పదహారు గుర్తుల పద్ధతిలో మంచుకు మళ్ళీ చోటు దక్కింది. తర్వాత దశాబ్దాల్లో ఆ సంబంధం మళ్ళీ కొంత సడలిందని పరిశోధకులు రాశారు. ఏ మంచు, ఏ ప్రాంతంలోది, ఏ నెలలోది అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

ఇప్పుడు ఆ మంచే మారిపోతున్నది. భూమి వేడెక్కుతున్న కొద్దీ ఉత్తరార్ధగోళంలో వసంతకాలపు మంచు విస్తీర్ణం గత అర్ధశతాబ్దంలో తగ్గుతూ వచ్చింది. జూన్ నెలలో ఈ తగ్గుదల మరీ ఎక్కువ. హిందూకుష్ హిమాలయాల్లో 2025 శీతకాలం తర్వాత మంచు నేల మీద నిలిచిన కాలం మామూలు కంటే 23.6 శాతం తక్కువని, ఇరవై మూడేళ్ళలో అదే కనిష్ఠమని ఖాట్మండూలోని పర్వతాభివృద్ధి కేంద్రం ప్రకటించింది.

బ్లాన్‌ఫర్డ్ సూత్రం ప్రకారం మంచు తగ్గితే మనకు వాన పెరగాలి కదా, ఇంకేం, మంచిదేగా అని ఒక మిత్రుడు నన్నడిగాడు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. అది తొందరపాటు. మంచు తగ్గితే సింధు, గంగ లాంటి నదులకు ఎండాకాలపు నీరు తగ్గుతుంది, వాటి మీద బతికే కోట్లమంది రైతులకు ఎసరు. మన కృష్ణకు మంచు నీళ్ళు లేవు, పడమటి కనుమల వానలే ఆధారం. మంచుతో మన చుట్టరికం నీటి ద్వారా కాదు, గాలి ద్వారా. ఆ గాలిని నడిపేది మంచు ఒక్కటే కాదు. సముద్రాలు కూడా వేడెక్కుతున్నాయి, గాలిలో తేమ పెరుగుతున్నది. వాన పడితే కుండపోత, లేకపోతే వారాల తరబడి ఎండ. పైగా మా ఒంగోలు ప్రాంతానికి నైఋతి వాన ఎంత ముఖ్యమో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య వాన కూడా అంత ముఖ్యం. బ్లాన్‌ఫర్డ్ మంచు సూత్రం ఆ రెండోదాని కోసం పుట్టింది కాదు. పాత సూత్రాన్ని మారిన లోకానికి గుడ్డిగా తగిలిస్తే పాత తప్పే చేసినవాళ్ళమవుతాం.

మరి ఆయన దగ్గర మనం నేర్చుకోవలసిందేమిటి? సూత్రం కంటే ఆయన నడిచిన దారి అని నా అభిప్రాయం. ముందు కొలతలు సరిచేశాడు. తర్వాత ఊహించాడు. ఊహను అచ్చులో పెట్టి నలుగురి ముందుంచాడు. నాలుగేళ్ళు పరీక్షించి చూసుకుని ఆ పైన అంచనా చెప్పాడు. ఆ సంబంధం సడలినప్పుడు సడలిందని మనకు తెలిసింది కూడా, ఆయన మొదలుపెట్టించిన పద్ధతిలో ఏటేటా రాసిపెట్టిన లెక్కల వల్లనే. ఇవాళ మంచు ఎంత తగ్గిందీ చెప్పాలన్నా నిన్న ఎంత ఉందో ఎవరో రాసి ఉండాలి కదా.

పోయిన వేసవి సెలవుల్లో మా నాన్నకు ఈ కథంతా చెప్పాను. ఆ ఏడు నేను చెప్పిన మాటలో ఎక్కడ తప్పు జరిగిందో కూడా చెప్పాను. పేపరులోది దేశమంతటి సగటనీ, అది మన చేనుకు హామీ కాదనీ, ఆ రెండో ముక్క ఆనాడు నేను చెప్పలేదనీ ఒప్పుకున్నాను. నాన్న విని, కార్తె చూసి వేసినా తప్పుతుంది, కాగితం చూసి వేసినా తప్పుతుంది, అన్నీ ఒకేసారి వెయ్యకుండా ఉంటే సరి అన్నట్టు తల పంకించాడు. ఆ సారి కౌలు జోలికి పోలేదు. గింజలు సగం తొలి పదునుకు, సగం రెండో పదునుకు పెట్టాడు. నష్టమేమీ రాలేదని చెప్పను గాని, రెండోసారి గింజలు కొనే బాధ తప్పింది.

ఆ సెలవుల్లోనే మా దొడ్లో, చెట్ల నీడ పడని చోట, ఒక వానకొలత గొట్టం పాతాను. పొద్దున ఎనిమిదిన్నరకు నాన్న వెళ్ళి చూసి, గోడకు వేలాడే క్యాలెండరు మీద ఆ తేదీ గడిలో మిల్లీమీటర్లు వేస్తున్నాడు. వాన లేని రోజున సున్నా వెయ్యాలని చెప్పాను. మొదట నవ్వాడు. లేని వానకు లెక్కెందుకని ఆయన సందేహం. సున్నా కూడా లెక్కేనని చెప్పాను. ఇప్పుడు సున్నాలు కూడా తప్పకుండా వేస్తున్నాడు.

మన కళాశాలలో ప్రకాశం, గుంటూరు జిల్లాల పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులు ఎందరో ఉన్నారు. మిరప, పత్తి, పొగాకు, శనగ వేసే ఇళ్ళ పిల్లలమే చాలామందిమి. విద్యార్థి సంఘానికి నాదొక మనవి. మన కళాశాల ఆవరణలో ఒక వానకొలత పరికరం పెట్టిద్దాం, ఏటా సంచికలో ఆ ఏటి పట్టిక అచ్చువేద్దాం. ఊళ్ళకు పోయినప్పుడు ఎవరి ఇంటి దగ్గర వాళ్ళం ఒకటి పెడదాం. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఈ కళాశాలకు వచ్చే ఏ రైతుబిడ్డో ఆ పట్టికలు తిరగేసి, మన చేలకు సరిపోయే ఒక చిన్న సూత్రం పట్టుకుంటే, ఆనాడు ఒరిస్సా మన్నులో మంచు జాడ చూసిన ఆ ఇరవై ఏళ్ళు దాటిన కుర్రవాడి శ్రమకు మనవంతు ఋణం కొంత తీరినట్టే.